పరజలు దిగని ఏడాది

మా ఇంటి వెనక గుంట ఒకప్పుడు వరిచేను. బందరు ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట మా ఇల్లు ఉండేది. ఇప్పుడు ఊరు మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది. రోడ్డు వేసిన ప్రతిసారీ కొంత ఎత్తు పెంచారు. అటుపక్క పొలాలన్నీ మట్టి తోలి మెరక చేసి ప్లాట్లు వేశారు, ప్లాట్ల మీద కాలనీ లేచింది. మా చేలో నీళ్ళు బయటికి పోయే తూము ఆ మట్టి కింద ఎక్కడ కూరుకుపోయిందో ఎవరికీ తెలియదు. చుట్టూ మెరక, మధ్యలో మేము ఒక్కళ్ళమే పల్లం. ఎక్కడ కురిసిన వానా మా చేలోకే దిగుతుంది, దిగింది మళ్ళీ పోదు. మా ఆయన పోయిన మరుసటేడు వేసిన నాట్లు కుళ్ళిపోయాయి. ఆ పైయేడు నేను నాట్లు వేయించలేదు. ఎవరూ నాటకుండానే జమ్ము మొలిచింది.

జమ్ము మొలిచిందని అందరూ అయ్యో అన్నారు. నేను కొడవలి తీశాను. జమ్ముకి ఎరువు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. వానలు వెనకబట్టాక నడుం లోతు నీళ్ళలో దిగి కోసి, మోపులు కట్టి, గట్టు మీద ఆరబెడితే చాపలు అల్లేవాళ్ళు కొంటారు, పశువుల పాకలు నేసుకునేవాళ్ళు కొంటారు, తమలపాకు తోటల వాళ్ళు తీగలు కట్టుకోవడానికి పట్టుకుపోతారు. నా మందుబిళ్ళలు, నా చీరలు, ఆదివారం గుడిలో వేసే కానుక, అన్నీ ఆ గుంటలోంచే వచ్చాయి. మా అబ్బాయి మంచివాడే, కోడలూ మంచిదే. అయినా మంచివాళ్ళ ముందు కూడా చెయ్యి చాపకుండా బతకడంలో ఒక సుఖం ఉంది. చాపినవాళ్ళకే అది తెలుస్తుంది.

పరజ బాతులు వచ్చింది ఆ తరవాత.

నేను పుట్టింది దివిసీమలో, సముద్రానికి దగ్గరగా. మూడో తరగతిలో నా బడి ఆగిపోయింది గాని, బడికి వెళ్ళే దారిలో ఉన్న పర్ర నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. పోటు వస్తే నీళ్ళు, పాటు వస్తే బురద, ఎటు చూసినా గడ్డిపోచ అడ్డం లేని నేల. చలికాలం మొదలయ్యేసరికి ఆ బురద నిండా పిట్టలు. ముక్కు పొడుగువి, కాళ్ళు పొడుగువి, రెండూ పొట్టివి. లోపల నిలవనీటి మడుగుల్లో పరజ బాతులు. చలిదేశాల నుంచి వస్తాయని మాకెవరూ చెప్పలేదు. పరజలు దిగాయంటే మా ఇంట్లో వరికోతకు కత్తులు నూరుకోమని అర్థం, అంతే. కొందరు వలలు వేసి పట్టి చల్లపల్లి సంతలో అమ్మేవాళ్ళు. మేమూ కూర వండుకున్నాం. లేదని అబద్ధం ఆడను.

ఇప్పుడు ఆ పర్ర లేదు, రొయ్యల చెరువులు ఉన్నాయి. చెరువుల మీద అడ్డంగా నిలువుగా దారాలు కట్టి, మెరిసే రిబ్బన్లు వేలాడదీసి, పొద్దునా సాయంత్రం టపాసులు కాలుస్తారు. అక్కడే కాదు, ఇటు కృత్తివెన్ను దాకా అదే వరస. నేను వాళ్ళను తప్పు పట్టను. చెరువులో రొయ్యపిల్లను వదిలినవాడికి పిట్ట శత్రువే. కోతలయ్యాక తడి మిగిలే పొలాలు ప్లాట్లయ్యాయి. బందరు చుట్టూ ఉన్న మడుగులకు లారీల చప్పుడూ, రాత్రి తెల్లార్లూ వెలిగే దీపాలూ వచ్చాయి. ఉండడానికి చోటు లేని మనుషులు పట్నం వచ్చినట్టే పరజలూ వచ్చాయి.

మొదటిరోజు పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటూ వెనక్కి వెళ్ళాను. నీళ్ళ మీద నల్లగా ముద్దలు ముద్దలుగా ఏవో తేలుతున్నాయి. కాలనీ వాళ్ళు చెత్త సంచులు విసిరారనుకుని తిట్టడానికి నోరు తెరిచాను. సంచులు లేచి ఎగిరాయి.

అవి మళ్ళీ వచ్చాయి. పగలంతా రెక్కలో ముక్కు పెట్టుకుని నిద్ర, పొద్దు గుంకాక లేచి ఎటో పొలాలకు మేతకు పోవడం, తెల్లారేసరికి రావడం. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళలాగే. నేను జమ్ము కోస్తూ వాటిని చూశాను, చూడడానికి కూలి పడదు కనుక. అద్దెకు వచ్చేవాడు ఇల్లు చూసినట్టే అవీ చూస్తాయి. నీళ్ళున్నాయా, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళు, ఏదైనా అయితే పారిపోవడానికి దారుందా. కాలనీ రోడ్డు వైపు తెల్లటి వీధిదీపాలు ఉన్నాయి, ఆ వైపు ఒక్కటీ ఉండదు. మా ఇంటి వైపు చీకటి, కరెంటు బిల్లుకు భయపడి వెనక బల్బు నేనే తీయించేశాను. అవి మా వైపే ఉండేవి. తెల్ల కొంగలకు మాత్రం ఇవేమీ పట్టవు. కాలువ తవ్వే మిషను వెనకే నడుస్తాయి, చెత్తకుప్ప మీద నిలబడతాయి, మనిషి పక్కకు జరిగితే ఆ చోట్లోకి వచ్చేస్తాయి. పరజలకు అంత చొరవ లేదు.

మూడు చలికాలాలు ఇలా గడిచాయి. ఒక ఎండాకాలం ముందు మా అబ్బాయి భోజనాల దగ్గర మాట ఎత్తాడు.

"అమ్మా, గుంటలో మట్టి తోలిద్దాం. రోడ్డు వైపు షాపు కట్టుకుందాం. ఇది మిషను పెట్టుకుంటానంటంది కదా."

ఇది అంటే కోడలు. జాకెట్లు బాగా కుడుతుంది. ముందు గదిలో మంచం పక్కన మిషను ఇరికించి, మోకాలు తగిలించుకుంటూ కుడుతుంది.

"షాపుకి గుంటంతా దేనికిరా? గుడారం వేత్తావా?" అన్నాను.

"పూడిస్తే మొత్తం పూడ్చాలి. సగం పూడిస్తే మిగతా సగం నీళ్ళు గోడల్లోకి వస్తాయి."

"నా జమ్ము?"

"ఈ వయసులో నడుం లోతు నీళ్ళల్లో ఏంటమ్మా నీకు? నలుగురూ నన్నంటున్నారు."

నలుగురూ అనే ఆ నలుగురు ఎవరో నాకు ఇంతవరకూ కనపడలేదు. ఏ ఇంట్లోనైనా వాళ్ళే అడ్డం వస్తారు. నాకు జమ్ము గురించి గొడవపడడం ఇష్టం లేకపోయింది. ముసలిదానికి పంతం అంటారు. అందుకని పరజలను ముందుకు తోశాను.

"మరి పిట్టలు వస్తన్నాయి కదరా. పాపం వాటికేదీ చోటు?"

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "అత్తయ్యా, మీరు కాకికి మెతుకు వేసినప్పుడు నేను చూడలేదు. పరజల మీదెప్పుడు పుట్టుకొచ్చింది ఈ ప్రేమ?"

"అవి ఏదో దారి తప్పి వచ్చినయ్యి. పైయేడు చూడు, రావు," అన్నాడు అబ్బాయి.

"వస్తే?"

"వస్తే గుంట మాట ఎత్తను."

"రాకపోతే నువ్వు మట్టి తోలుకో. క్రిస్మస్ దాటే దాకా చూద్దాం. దాటినా పరజ దిగకపోతే నేను అడ్డం రాను."

మా ఇంట్లో నా మాటకు విలువ ఎందుకంటే, నేను మాట ఇవ్వడం తక్కువ. మూడేళ్ళుగా వచ్చినవి నాలుగో ఏడు రావా అనుకున్నాను.

కాలనీలో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన మెడలో దుర్భిణి వేసుకుని రోజూ గుంట దగ్గరకు వచ్చేవారు. మా పందెం కోడలి నోటి ద్వారా ఆయన చెవిన పడింది. కాలనీ వాళ్ళను నలుగురైదుగురిని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు.

"అమ్మగారూ, ఈ పిట్టలు మన ఊరికి గౌరవమండీ. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన గుంట ఎంచుకున్నాయి. మనం వాటిని కదపకూడదు."

మన గుంట అన్నారు. పన్ను కట్టేది నేను.

"ఏం చెయ్యాలంటారు?"

"ఏమీ చెయ్యకూడదు. అదే చెయ్యాలి. జమ్ములో కొడవలి పెట్టకూడదు, గేదెల్ని దింపకూడదు. ప్రశాంతంగా వదిలెయ్యాలి."

నాకు సబబుగానే తోచింది. బాలింత గదిలోకి గాలి కూడా పోనివ్వకుండా కాపలా కాసే ఇంట్లో పెరిగినదాన్ని. కదపకూడదు అంటే అర్థమైంది. పైగా ఈ ఏడు కోయకపోతే పైయేడు జమ్ము రెండింతలు వస్తుందని లోపల ఒక లెక్క కూడా వేసుకున్నాను. కాలనీ వాళ్ళు గట్టు చుట్టూ తాడు కట్టారు. ఒక బోర్డు పెట్టారు, పిట్టలకు ఇబ్బంది కలిగించరాదని. పిట్టలకు చదువు రాదు గాని, మనుషులు చదివి ఆగిపోయారు.

ఇబ్బంది పడింది ఒక్క పాలావిడ. ఎదురు వీధిలో సాయిబుల ఆవిడ, నన్ను అత్తా అని పిలుస్తుంది. ఆమె గేదెలు ఎండ ముదిరితే మా గుంటలోనే పడి ఉండేవి, సాయంత్రం దాకా జమ్ము దుబ్బులు తొక్కి, లేత మొలకలు తిని, బురద పూసుకుని ఇంటికి పోయేవి.

"ఏంటత్తా ఇది? పిట్టలకి పెళ్ళివిడిది, నా గేదెలకి గెంటివేతా?" అంది తాడు పట్టుకుని ఊపుతూ.

"మాస్టారు చెప్పారే."

"మాస్టారు పాలు తాగడా? టీ ఎట్టా తాగుతాడు, పిట్టపాలు పోసుకునా?"

"ఒక్క ఏడు ఓర్చుకో."

"నేను ఓర్చుకుంటా. గేదెకి చెప్పు నువ్వు."

గేదెలను కాలువ వైపు తోలుకుపోయింది. పోతూ పోతూ తాడుకు ఒక పేడముద్ద కొట్టింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జమ్ము లేచింది. నా ఎత్తు దాటింది, మా అబ్బాయి ఎత్తు దాటింది. వడ్డాణం పెట్టినట్టు నాలుగు గట్లనూ పట్టుకుని మధ్యకు పాకింది. పొద్దున్నే గాలికి జమ్మంతా ఒక్కసారి ఊగితే చూడడానికి ఎంతో బాగుండేది. కాలనీలో ఆడపిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. మాస్టారు రోజూ వచ్చి, "అద్భుతంగా ఉందమ్మగారూ," అని వెళ్ళేవారు. నా చేతులకు పని లేక, కూర్చుని కందిపప్పులో రాళ్ళు లేకపోయినా ఏరేదాన్ని.

చలి మొదలైంది. పరజలు వచ్చాయి.

వచ్చాయంటే పైకి వచ్చాయి. తెల్లారగట్ల రెక్కల చప్పుడు విని బయటికి వెళ్ళాను. గుంట మీద ఒక చుట్టు తిరిగాయి, రెండో చుట్టు కొంచెం కిందికి తిరిగాయి. కాళ్ళు చాపాయి కూడా. మళ్ళీ మడుచుకుని లేచి తూర్పుకు పోయాయి. మరునాడూ అంతే. ఆ తరవాత ఆ చుట్టు తిరగడం కూడా మానేశాయి.

మాస్టారు మొహం చిన్నబోయింది. "ఏదో శబ్దం అయి ఉంటుందండీ," అన్నారు. కాలనీలో పెళ్ళి బాజాల మీద, కుక్కల మీద అనుమానం పెట్టారు. నేను కుక్కను కట్టేయించాను. కుక్కర్ విజిల్ వేయవద్దని కోడలికి చెప్పాను.

"పప్పు ఉడకొద్దా అత్తయ్యా?"

"కుండలో వండు."

"గ్యాస్ ఎంత అవుద్దో చూసుకోండి మరి," అంది. నన్ను నా ఆయుధంతోనే కొట్టడం దానికి బాగా వచ్చు.

అబ్బాయి లారీ అతనితో ఫోనులో మాట్లాడుతున్నాడు, నాకు వినపడేలాగే.

ఆ రోజుల్లోనే గుడివాడలో మా అమ్మాయి మెట్ల మీద జారి కాలు బెణికించుకుంది. చేదోడుగా ఉంటానని బస్సెక్కాను. గుడివాడ ఇంకా రాకుండానే బస్సు ఆగిపోయింది, ముందు గడ్డి ట్రాక్టరు ఏదో రోడ్డుకు అడ్డంగా తిరగబడిందట. కిటికీలోంచి చూస్తే రెండు చేపల చెరువులు, మధ్యలో ఒక గట్టు. ఒక చెరువు నిండుగా ఉంది, నీళ్ళు గట్టు అంచుకు వచ్చాయి. దాని మీద ఒక్క పిట్ట లేదు. రెండోది పట్టుబడి అయిపోయిన చెరువు, చేపలు తీసేసి నీళ్ళు వదిలేశారు. అడుగున చీలమండ లోతు నీళ్ళు, మిగతాది బురద. పిట్టలు ఎన్ని రకాలో చెప్పలేను. దివిసీమ పర్ర మొత్తం చాప చుట్టి తెచ్చి అక్కడ పరిచినట్టుంది. పక్క సీటు అతను, "చచ్చిన చేప కోసం వచ్చినయ్యి," అన్నాడు. కొన్ని అందుకే వచ్చి ఉంటాయి. బురదలో ముక్కు పొడిచేవాటికి చేపతో పనేముంది?

అమ్మాయి వాళ్ళ డాబా ఎక్కితే ఊరి మంచినీళ్ళ చెరువు కనపడుతుంది. గట్టు మీద జనం నడుస్తున్నారు, సెల్లులో పాటలు పెట్టుకుని మరీ. చెరువు నడిమధ్యలో పరజలు, నిద్రపోతున్నాయి. మా గుంటలో దిగనివి ఇంతమంది జనం మధ్య ఎలా దిగాయి? నాకు కోపం వచ్చింది. మా అమ్మాయి కుర్చీలో కాలు చాపుకుని నవ్వింది.

"అవా? రోజూ ఉంటయ్యమ్మా. ఎవరు తిరిగినా లేవవు."

"భయం లేదా వాటికి?"

"నడిమధ్యలో కూర్చుంటే భయమేంటి? నువ్వు ఇంట్లో హాలు మధ్యలో కుర్చీ వేసుకుంటావు చూడు, అట్టాగే. అన్ని గుమ్మాలూ కనపడాలి, ఎవరొచ్చినా ముందు నీకే తెలియాలి."

నన్నే ఎద్దేవా చేసింది. చెయ్యనీ. నేను డాబా మీద ఆరేసిన గుడ్డలు తీస్తూ ఆ చెరువు వంక చాలాసేపు చూశాను. గట్టున గడ్డి లేదు, నీళ్ళ మీద తుంగ పోచ లేదు. నిండు నీళ్ళు, నాలుగు వైపులా చూపు ఆనుతుంది. ఒకటి లేచింది. లేవాలంటే అది ముందు నీళ్ళ మీద కొంత దూరం రెక్కలు కొట్టుకుంటూ సాగి, అప్పుడు గాలిలోకి వెళ్ళింది. మా గుంటలో సాగడానికి చోటేది? జమ్ము మొత్తం కప్పేసింది. పైనుంచి చూసే పిట్టకు అది గుంటని తెలిస్తే గదా. ఏటేటా నా కొడవలి, పాలావిడ గేదెలు కలిసి ఆ నీళ్ళను తెరిచి ఉంచేవి. బాలింత గదని తలుపులు వేసి, బాలింతను బయటే నిలబెట్టాం.

రెండోరోజే బయలుదేరాను. "కాలు బాగయ్యేదాకా ఉంటానన్నావు?" అంది అమ్మాయి. వంటకు పక్కింటావిడను మాట్లాడి పెట్టాను, ఆవిడకు జాకెట్లు మా కోడలి చేత కుట్టించి ఇప్పించే ఒప్పందం మీద.

బందరులో దిగి ఇంటికి కూడా పోకుండా ముందు పాలావిడ గుమ్మం ఎక్కాను.

"తోలుకురా నీ గేదెల్ని."

"బోర్డు ఉందిగా అత్తా? గేదెలు చదివితే?" అంది. కాని అప్పటికే కొట్టం తలుపు తీస్తోంది.

మాస్టారికి చెప్పాను. ఆయన దుర్భిణి తీసి తుడుచుకుని, మళ్ళీ మెడలో వేసుకుని, "నేనే చెప్పాను కదండీ వదిలెయ్యమని," అన్నారు. "నేనూ విన్నాను కదండీ," అన్నాను. ఇక దాని గురించి మేము మాట్లాడుకోలేదు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని గుంటలో దిగారు. కొడవలి పట్టడం రాదు, కోసిన జమ్ము గట్టుకు లాగుతానన్నారు. మొదటి మోపుకే కాలికి జలగ పట్టింది.

"పరజ పట్టిందేమో చూడండి మాస్టారూ," అంది పాలావిడ గట్టు మీద నుంచి.

దివిసీమ నుంచి మా తమ్ముడు పెద్ద కొడవలి తీసుకుని వచ్చాడు. నన్ను చూసి, "అక్కా, పందెం కాసేముందు నన్నొక్క మాట అడగొద్దా?" అన్నాడు.

"అడిగితే నువ్వేం చెబుదువు?"

"నేనూ కొయ్యొద్దనే అందును. అయినా అడగాలిగా, తమ్ముణ్ణి!"

గట్ల అంచున కొంత ఉంచి మధ్యంతా కోశాం. గేదెలు దుబ్బులు తొక్కాయి. తెల్లటి నీళ్ళు మెల్లగా బయటపడ్డాయి. కోడలు మిషను ఆపి వచ్చి చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగింది. షాపు కావలసింది తనకే. "నువ్వెందుకే?" అన్నాను. "మీరు జ్వరం తెచ్చుకుంటే చాకిరీ నాకేగా అత్తయ్యా. ఇప్పుడే చేస్తే తక్కువలో పోద్ది," అంది. పిసినారితనం అంటువ్యాధి.

అబ్బాయి మాత్రం గట్టు మీద నిలబడ్డాడు.

"ఇది దొంగాటమ్మా."

"చాప పరవకుండా చుట్టాన్ని కూర్చోమంటామా?" అన్నాను. వాడు నవ్వలేదు, దిగనూ లేదు.

క్రిస్మస్ వచ్చింది. గుంటలో ఉల్లంకి పిట్టలు దిగాయి, ఎర్రటి సన్నటి కాళ్ళవి. ముక్కు వంకర తిరిగిన కంకణాలు దిగాయి. నల్లటి బొల్లికోళ్ళు దిగాయి. పరజలు లేవు. గుడికి వెళ్ళొచ్చి, పలావు తిని, సాయంత్రం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. లేవు. మరునాడు పొద్దున్న కూడా చూశాను, ఒక్కరోజు పైన వేసుకుని. నాకు నేను ఇచ్చుకున్న కొసరు అది. లేవు.

మాస్టారు మెల్లగా అన్నారు. "ఇన్ని రకాలు వచ్చాయి కదండీ. మీ అబ్బాయితో నేను మాట్లాడనా?"

"పరజలన్నాను. పరజలు రాలేదు. మాట మాటే," అన్నాను.

అబ్బాయి కాఫీ తాగుతున్నాడు. "తోలుకోరా," అని చెప్పి లోపలికి వెళ్ళి కొడవలి కడిగి, నూనె రాసి, అటక మీద పెట్టాను. ఏడవలేదు. కందిపప్పులో రాళ్ళు ఏరడానికి కూడా కూర్చోలేదు. జమ్ము లేని ఏడాది ఎలా జరుపుకోవాలో ఆలోచిస్తూ పడుకున్నాను.

లారీ వచ్చింది. రోడ్డు వైపు నుంచి మట్టి పోయడం మొదలుపెట్టింది. మట్టి పడ్డప్పుడల్లా గుంట ఒకసారి పొంగి, గట్టు మీద ఆరేసిన మోపుల కిందికి నీళ్ళు వచ్చేవి. నేను మోపులు పైకి జరుపుకునేదాన్ని. ఉల్లంకి పిట్టలు కూడా అలాగే కొంచెం వెనక్కి జరిగేవి. కంకణాలు లేచిపోయాయి. తెల్ల కొంగలు మాత్రం కొత్త మట్టి మీదికి వచ్చి పురుగులు ఏరుకున్నాయి. అలా కొన్నాళ్ళు నడిచింది. రోడ్డు వైపు షాపుకు సరిపడా మెరక లేచింది.

ఒకరోజు తెల్లవారి లారీ చప్పుడు కోసం చూస్తే రాలేదు. వెనక్కి వెళ్ళాను. అబ్బాయి మట్టి దిబ్బ మీద నిలబడి ఉన్నాడు, లారీ డ్రైవరు వాడి పక్కన. లారీ రోడ్డు మీదే ఆగి ఉంది, మట్టి దించలేదు.

గుంటలో మా ఇంటి వైపు మూల, చీకటి వైపు, నల్లగా ముద్దలు ముద్దలుగా తేలుతున్నాయి. రెక్కల్లో ముక్కులు పెట్టుకుని.

"దించనా వద్దా సార్? డీజిలు కాలిపోతంది," అంటున్నాడు డ్రైవరు.

"వద్దులే, తీసుకుపో. ఇంక తోలొద్దు. రోడ్డు సైడు చాలు," అన్నాడు అబ్బాయి. అప్పుడు నన్ను చూశాడు.

"వాటి కోసం కాదమ్మా. ఆ మట్టి చవుడు. గోడలు నిలవవు."

"నేనేమన్నా అడిగానా?"

"క్రిస్మస్ దాటిపోయింది. పందెం నేనే గెలిచాను."

"గెలిచావు. కాదన్నదెవరు?"

"మిగతా సగంలో నీళ్ళు గోడలోకి రాకుండా రాళ్ళు కట్టించుకోవాలి మళ్ళీ. దండగ."

"దండగే," అన్నాను.

ఒక కర్ర తెచ్చి మట్టి ఆగిన చోటికి కొంచెం ఇవతల, గుంటలోనే పాతాడు, రాళ్ళు కట్టించాక షాపు వెనక గోడ అక్కడికి వస్తుందని. పరజల్లో ఒకటి తల ఎత్తి చూసి మళ్ళీ పెట్టుకుంది. చవుడు మట్టి కాదో అవునో నేను చేత్తో తీసి చూడలేదు. చూడగలను. నేను పరజలను ముందుకు తోసినప్పుడు వాడూ నిజమా అని అడగలేదు.

కర్ర దగ్గరకు వెళ్ళాను. "ఒక బారెడు అటు జరుపు."

"అమ్మా, అక్కడికి తగ్గిస్తే మిషను పట్టదు."

"పడతది. మంచం పక్కన పట్టలేదా? నాకు మోపులు ఆరేసుకోడానికి గట్టు లేకుండా చేశావు."

"అర బారెడు."

"బారెడు."

వాడు ఒక నిట్టూర్పు విడిచి, కర్ర పీకి, అడుగులు వేస్తూ రోడ్డు వైపు నడిచాడు. నేను వెనకే నడిచాను, బారెడంటే బారెడే వేస్తున్నాడో లేదో చూసుకుంటూ.